పాత ప్లాట్‌ఫార్మర్ ఆటలు ఇప్పటికీ ఎందుకు ఆడబుద్ధేస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కల్లో ఎక్కువ భాగం సూపర్ మారియో బ్రదర్స్‌వి. నింటెండో వాళ్ల ఫామికామ్ యంత్రం కోసం 1985 సెప్టెంబర్ 13న జపాన్‌లో విడుదలైన ఆట అది. టీవీకి తగిలించుకునే క్లోన్ యంత్రాల్లో, క్యాసెట్లలో మన దగ్గర చాలామంది ఆడింది కూడా అదే. ఆ యంత్రం సెకనుకు సుమారు 60 ఫ్రేములు, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా 60 బొమ్మలు చూపిస్తుంది. తెర వెడల్పు 256 పిక్సెళ్లు, ఒక ఇటుక బ్లాక్ 16 పిక్సెళ్లు. కింది కొలతలన్నీ ఈ లెక్కలోనే ఉన్నాయి.

ప్లాట్‌ఫార్మర్ అంటే ఏ ఆటలు? కాంట్రా కూడా అందులోకి వస్తుందా?

గట్లు, మెట్లు, గోతులు దాటుకుంటూ పోవడమే ఆటలో అసలు చిక్కు అయితే అది ప్లాట్‌ఫార్మర్. 1980 నాటి స్పేస్ పానిక్‌లో అంతస్తులు, నిచ్చెనలు ఉన్నాయి గానీ దూకడం లేదు. 1981లో షిగెరు మియమోటో రూపొందించిన డాంకీ కాంగ్‌లో దొర్లుకొచ్చే పీపాల మీంచి దూకాలి. ఈ రకం ఆటలకు దారి వేసింది అదే. కాంట్రాలోనూ దూకుతాం, కానీ బుర్రంతా ముందు ఎవణ్ణి కాల్చాలా అన్నదాని మీదే ఉంటుంది. అందుకే దాన్ని రన్ అండ్ గన్ (పరిగెత్తుతూ కాల్చే ఆట) అంటారు.

ఆట బాగుందో లేదో తేలడానికి మొదట ఏం చూడాలి?

జంప్. శత్రువులు, నాణేలు ఏమీ లేని ఖాళీ గదిలో ఊరికే అటూ ఇటూ పరిగెత్తి దూకుతున్నా సరదాగా అనిపించాలి. అది లేకపోతే పైన ఎన్ని హంగులు చేర్చినా పది నిమిషాల్లో విసుగొస్తుంది. గొయ్యి ఎంత వెడల్పుండాలి, గట్టు ఎంత ఎత్తుండాలి, శత్రువు ఎంత వేగంగా నడవాలి, కెమెరా ఎంత ముందుకు చూపించాలి అన్నవన్నీ జంప్‌ను బట్టే తేలతాయి. ఈ పేజీలో ఏ ప్రశ్న తీసుకున్నా జవాబు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది.

మారియో జంప్ కొలతలు ఏమిటి?

నిలబడి దూకితే పైకి లేచే వేగం ఫ్రేముకు 4 పిక్సెళ్లు. బటన్ వదలకుండా పట్టుకుంటే గురుత్వం ఫ్రేముకు 0.125 పిక్సెల్ చొప్పున ఆ వేగాన్ని తగ్గిస్తుంది. అంటే 32 ఫ్రేముల్లో శిఖరం చేరతాడు. ఎత్తు 64 పిక్సెళ్లు, సరిగ్గా 4 బ్లాకులు. పూర్తి పరుగులో దూకితే మొదటి వేగం 5, గురుత్వం 0.156. అప్పుడు ఎత్తు 80 పిక్సెళ్లు, 5 బ్లాకులు.

కిందికి దిగేటప్పుడు లెక్క వేరు. నిలబడి దూకినప్పుడు దిగే గురుత్వం 0.4375, అంటే ఎక్కేటప్పటి కంటే మూడున్నర రెట్లు. పడే వేగం ఫ్రేముకు 4 పిక్సెళ్ల దగ్గర ఆగిపోతుంది. అందుకే మారియో పైకి తేలికగా లేచి, కిందికి గభాలున దిగుతాడు. నిజం మనిషి ఇలా దూకడు. కానీ ఎక్కడమూ దిగడమూ ఒకే గురుత్వంతో చేయిస్తే బొమ్మ బెలూన్‌లా తేలుతున్నట్టుంటుంది. కొత్తగా ఆటలు చేసేవాళ్ల జంప్ "ఏదోలా ఉంది" అనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

అడ్డంగా చూస్తే నడక వేగం ఫ్రేముకు 1.5 పిక్సెళ్లు, పరుగు 2.5. చదును నేల మీద నడుస్తూ దూకితే 5 బ్లాకులకు కొంచెం పైగా, పరుగులో దూకితే సుమారు ఎనిమిదిన్నర బ్లాకుల దూరం పడుతుంది. నాలుగు బ్లాకుల గొయ్యి ఎవరైనా దాటేస్తారు, ఏడు బ్లాకుల గొయ్యి దాటాలంటే పరుగు కావాలి. లెవల్ గీసేవాళ్ల చేతిలో ఉన్న కొలబద్ద ఇదే.

బటన్ కొంచెం నొక్కితే చిన్న గెంతు, ఎక్కువసేపు నొక్కితే పెద్ద గెంతు. ఇదెలా చేశారు?

బటన్ నొక్కిన క్షణాన ఆటకు మీ ఉద్దేశం తెలియదు. కాబట్టి ప్రతిసారీ పూర్తి వేగంతోనే లేపుతుంది. పైకి వెళ్తుండగా మీరు వేలు తీసేస్తే వెంటనే తేలిక గురుత్వం పోయి బరువు గురుత్వం వస్తుంది. నొక్కీ నొక్కనట్టు వదిలితే ఒక బ్లాకు కంటే కాస్త ఎక్కువ ఎత్తు లేస్తాడు, పట్టుకుంటే నాలుగు. ఈ రెంటి మధ్యలో ఎక్కడైనా ఆపొచ్చు.

సెగా వాళ్ల మెగా డ్రైవ్ యంత్రంలో వచ్చిన సోనిక్ ఆటలో పద్ధతి వేరు. జంప్ వేగం ఫ్రేముకు 6.5 పిక్సెళ్లు. బటన్ వదిలినప్పుడు వేగం ఇంకా 4 కంటే ఎక్కువగా ఉంటే ఒక్కసారిగా 4కి కోసేస్తుంది. రెండూ పనిచేస్తాయి. మారియో పద్ధతిలో మలుపు నున్నగా ఉంటుంది, సోనిక్ పద్ధతిలో కోత వేలికి తెలుస్తుంది.

పరుగు బటన్ ఎప్పుడూ నొక్కే ఉంచాలా? అలాగైతే అది ఎందుకు?

ఆట అలవాటైనవాళ్లు ఉంచుతారు. బొటనవేలి కొస పరుగు బటన్ (బీ) మీద పెట్టి, జంప్ బటన్ (ఏ) నొక్కాల్సినప్పుడు వేలిని కుడివైపుకు ఒరిగిస్తారు. ఫామికామ్ కంట్రోలర్‌లో రెండు బటన్లు పక్కపక్కనే ఉన్నది దీనికి బాగా కుదిరింది. టచ్ తెర మీద ఈ ఒరిగింపు సరిగా రాదు.

బీ వల్ల వచ్చే అసలు లాభం ఊపు. ఆగి ఉన్న మారియో పూర్తి పరుగు అందుకోవడానికి సుమారు 45 ఫ్రేములు, ముప్పావు సెకను పడుతుంది. దిశ బటన్ వదిలేస్తే ఆగడానికి అంతకంటే కొంచెం ఎక్కువ పడుతుంది, ఎదురు దిశ నొక్కితే అందులో సగం చాలు. కాళ్లు జారుతూ తిరిగేది అప్పుడే. ఈ బరువే ఆటలో నిర్ణయాలను పుట్టిస్తుంది: ఈ గొయ్యికి ముందు పరిగెత్తడానికి చోటుందా, దిగిన చోట ఆగడానికి చోటుందా? నొక్కగానే పూర్తి వేగం, వదలగానే ఆగిపోవడం పెడితే కంట్రోల్ శుభ్రంగా ఉంటుంది గానీ ఈ ప్రశ్నలు రెండూ మాయమవుతాయి.

ఊపు మరీ ఎక్కువైనా కష్టమే. సోనిక్ ఆగి ఉన్న స్థితి నుంచి ఫ్రేముకు 6 పిక్సెళ్ల వేగం అందుకోవడానికి 128 ఫ్రేములు, రెండు సెకన్లకు పైనే పడుతుంది. ఏటవాలు నేలలు ఉంటేనే అది బాగుంటుంది. వాలు లేని ఇరుకు చోట్ల సోనిక్ మొద్దుగా కదలడానికి కారణం అదే.

గాలిలో ఉండగా దిశ మార్చగలగడం తప్పు కదా?

భౌతికశాస్త్రానికి తప్పు, ఆటకు ఒప్పు. మారియో గాలిలో కొంచెం వెనక్కి లాక్కోగలడు. మెగా మ్యాన్ (1987) ఇంకా ఉదారం, గాలిలో ఎటు కావాలంటే అటు తక్షణం తిరుగుతాడు. కాసిల్‌వేనియా (1986) మాత్రం దూకాక మీ మాట వినదు. కాలు లేచిన క్షణాన ఏ దిశ ఉందో అదే దిశలో పడతారు. అక్కడ ఆనందం ముందే లెక్క వేసుకోవడంలో ఉంది. శత్రువులు కూడా దానికి తగ్గట్టే నెమ్మదిగా, ఒక లయలో కదులుతారు. మెగా మ్యాన్ శత్రువులను తెచ్చి కాసిల్‌వేనియా హీరో ముందు పెడితే ఆట ఆడలేరు.

మన స్కూళ్ల కంప్యూటర్ ల్యాబుల్లో తిరిగిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989) కాసిల్‌వేనియా కంటే ఇంకా కరుడు. తెర మొత్తం పది గళ్ల వెడల్పు, మూడు వరసలు. ప్రతి అడుగూ గడి లెక్కలోనే పడుతుంది. అంచు దాకా వచ్చి దూకుదామనుకుంటే పడిపోతారు, పరుగులో ఉండగా కొంచెం ముందే నొక్కాలి. షిఫ్ట్ పట్టుకుని ఒక్కో అడుగు వేస్తే అంచు దగ్గర ఆగుతుంది. ఇది తెలియకే చాలామంది మొదటి లెవల్లో వదిలేశారు.

అంచు మీద సరిగ్గా నొక్కినా దూకకుండా పడిపోతున్నాను. తప్పు ఎవరిది?

పాత ఆటైతే లెక్క ప్రకారం మీదే. 1985 మారియోలో నేల దాటి ఒక్క ఫ్రేము గడిచినా జంప్ రాదు. ఇప్పటి ఆటలు ఇక్కడ కొంచెం చూసీ చూడనట్టు పోతాయి. 2018లో వచ్చిన సెలెస్ట్‌లో అంచు దాటిన తర్వాత కూడా 0.1 సెకను దాకా జంప్ ఒప్పుకుంటుంది, దీన్ని కయోటీ టైమ్ అంటారు. నేల తాకడానికి 0.08 సెకను ముందు నొక్కినా గుర్తుపెట్టుకుని, తాకగానే దూకిస్తుంది. పైకి లేస్తుండగా తల బ్లాకు మూలకు 4 పిక్సెళ్ల లోపు తగిలితే పక్కకు జరిపి పోనిస్తుంది. బటన్ పట్టుకుని ఉంటే జంప్ శిఖరం దగ్గర గురుత్వాన్ని సగం చేస్తుంది, ఎక్కడ దిగాలో చూసుకోవడానికి రెండు క్షణాలు ఎక్కువ దొరుకుతాయి.

అంత కష్టమైన ఆటని అందరూ న్యాయమైనదని అనడానికి ఈ చిన్న చిన్న మినహాయింపులే కారణం. ఆడేవాళ్లకు ఇవి కనబడవు, తీసేస్తే మాత్రం వెంటనే తెలుస్తుంది. అలాగని 0.1 సెకనును 0.3 చేస్తే గాలిలో నడుస్తున్నట్టు కనిపించి పరువు పోతుంది.

శత్రువును తొక్కానో లేదో తేలని సందర్భాల్లో ఆట ఎవరి పక్షం ఉండాలి?

ఆడేవాళ్ల పక్షం. సూపర్ మారియో ఏం చేస్తుందో చూడండి: శత్రువును తాకిన క్షణాన మారియో కిందికి దిగుతుంటే చాలు, చాలా శత్రువుల విషయంలో తొక్కినట్టే లెక్క. పాదం సరిగ్గా నెత్తిన పడిందా లేదా అని చూడదు. పైగా ఈ తాకిడి పరీక్ష ఫ్రేము మార్చి ఫ్రేము మాత్రమే జరుగుతుంది. తగిలిందా లేదా అని ఆట చూసుకునే కనబడని పెట్టె కూడా బొమ్మ కంటే చిన్నది. సొంతంగా ఆట చేసేవాళ్లు పాటించాల్సిన పద్ధతి: హాని చేసేవాటి పెట్టెలు బొమ్మ కంటే చిన్నవిగా, లాభం చేసేవాటివి (నాణేలు, ప్రాణాలు) పెద్దవిగా పెట్టాలి. తిరగేస్తే ఆట మోసం చేస్తోందన్న మాట వస్తుంది.

మొదటి సోనిక్ (1991) ఇక్కడే ఒకచోట దెబ్బతింది. ఒక్క రింగు ఉన్నా దెబ్బ తట్టుకోవచ్చన్నది చక్కటి నియమం. కానీ ముళ్ల మీద పడి రింగులు పోగొట్టుకున్నాక, ఎగిరి మళ్లీ ముళ్ల మీదే పడితే కాపు లేదు, చావే. నియమం నేర్పి దాన్ని తనే తప్పింది.

మారియో మొదటి లెవల్ 1-1ను అందరూ అంతగా ఎందుకు పొగుడుతారు?

ఒక్క అక్షరం రాయకుండా ఆట మొత్తం నేర్పేస్తుంది కాబట్టి. మారియో తెర ఎడమ వైపున, కుడివైపుకు చూస్తూ నిలబడతాడు, ముందంతా ఖాళీ. ఎటు వెళ్లాలో అడగక్కర్లేదు. కాస్త నడవగానే ప్రశ్నార్థకం బ్లాకు, ఎదురుగా గూంబా అనే గోధుమరంగు శత్రువు. దూకకపోతే చస్తారు, కానీ అప్పటికి మూడు నాలుగు సెకన్ల ఆటే పోతుంది. తర్వాతి బ్లాకు కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు జారి, పైపుకు తగిలి మీ వైపే తిరిగొస్తుంది. శత్రువేమోనని తప్పించుకుందామన్నా నెత్తిన బ్లాకులుండి సరిగా దూకలేరు. తగిలి పెద్దవాడవుతాడు. ఆ ఇరుకు చోటు కావాలనే పెట్టింది.

లెవల్ చివర్లో ఇంకా తెలివైన పని ఉంది. మెట్ల గుట్టలు రెండు జతలు వస్తాయి. మొదటి జత మధ్య నేల ఉంటుంది, తప్పినా ఏమీ కాదు. అదే ఆకారం రెండోసారి వచ్చేసరికి మధ్యలో గొయ్యి. ముందు ప్రమాదం లేకుండా చేయించి, తర్వాత ప్రమాదంతో చేయించడం అన్నమాట.

ఎంత కష్టం ఉంటే సరిపోతుంది?

చచ్చిన మరుక్షణం "ఎందుకు చచ్చానో తెలిసింది" అనిపించేంత. నింటెండో వాళ్లే హద్దు దాటిన ఉదాహరణ ఉంది. 1986 జూన్‌లో జపాన్‌లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 2లో విషపు పుట్టగొడుగు, గాలి తోపులు, ముందుకు తీసుకెళ్లాల్సిన వార్ప్ పైపు వెనక్కి పంపేయడం, అన్నీ ఉన్నాయి. మొదటి ఆటను పూర్తిగా మింగినవాళ్లకు అది విందు, మిగతావాళ్లకు శిక్ష. అమెరికాకు అప్పట్లో దాన్ని పంపలేదు. 1988లో వేరే ఆటను మార్చి అదే పేరుతో అమ్మారు.

కష్టం కంటే విసుగు ప్రమాదం. చచ్చాక ఎంత వెనక్కి వెళ్లాలి, మళ్లీ కంట్రోల్ చేతికి రావడానికి ఎంతసేపు అన్నవి చూడండి. సెలెస్ట్‌లో ఒక తెర వెనక్కి, రెండు సెకన్లు కూడా పట్టదు. మారియోలో చాలా లెవళ్లలో సగం దాటాక చస్తే సగం దగ్గర్నుంచే మళ్లీ మొదలవుతుంది, చివరిదైన 8వ లోకంలో అలా ఉండదు. ప్రాణాలన్నీ అయిపోతే మొదటికి రావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి టైటిల్ తెర మీద జంప్ బటన్ (ఏ) పట్టుకుని స్టార్ట్ నొక్కితే పోయిన లోకం మొదటి లెవల్ నుంచి మొదలవుతుంది.

సోనిక్‌లో వేగం బాగుంటుంది, కానీ ఎదురుగా ఏముందో కనబడక గుద్దుకుంటాం. ఎందుకు?

తెర వెడల్పు, వేగం కుదరక. మారియో పరుగు సెకనుకు 150 పిక్సెళ్లు. తెర మధ్యలో ఉంటే ముందు 128 పిక్సెళ్లు కనబడతాయి, అంటే 0.85 సెకను. మనిషి చూసి స్పందించడానికి పావు సెకను పోయినా ఇంకా మిగులుతుంది. సోనిక్ వేగం సెకనుకు 360 పిక్సెళ్లు, మెగా డ్రైవ్ తెర 320 పిక్సెళ్లు. ముందు కనబడేది సుమారు 0.44 సెకను. వాలుల మీద ఇంకా తక్కువ. కాబట్టి సోనిక్‌ను మొదటిసారి చూసి ఆడలేం, దారి గుర్తుపెట్టుకుని ఆడాలి. రెండోసారి, మూడోసారి ఆడితే బాగుంటుందని దాని అభిమానులు అనేది అందుకే, ఆ మాట నిజమే.

శబ్దానికి అంత ప్రాధాన్యం ఉందా?

ఉంది. ప్రతి చర్యకు అదే ఫ్రేములో శబ్దం రావాలి. చిన్న మారియో జంప్ శబ్దం, పెద్ద మారియో జంప్ శబ్దం వేరని గమనించారా? కోజి కొండో మారియోకు చేసిన సంగీతం మోగుతుండగా దూకితే ఒక స్వరం కాసేపు తప్పుకుంటుంది. ఆ యంత్రంలో పాట, శబ్దాలు ఒకే ఛానెళ్లను పంచుకోవాలి మరి. తెర మీద లెవల్ టైమ్ 100కు దిగగానే పాట వేగం పెరుగుతుంది. ఆ 100 నిజానికి 40 సెకన్లు, ఒక్కో అంకె 24 ఫ్రేములు.

బొమ్మలు అంత సాదాగా ఉన్నా ఎందుకు బాగుంటాయి?

ఏది నేల, ఏది ప్రమాదం, ఏది వెనకాల బొమ్మ అన్నది చూడగానే తెలుస్తుంది. ఆట మొత్తం 40 కిలోబైట్లు. పొదకూ మేఘానికీ ఒకే బొమ్మ, రంగులే మార్చారు.

చిన్నప్పుడు ఆడిన ఆటే ఫోన్‌లో ఆడితే అంత బాగోదు. వయసు కారణమా?

ఎక్కువగా ఆలస్యం కారణం. గాజు ట్యూబు టీవీలో సిగ్నల్ వచ్చిన వెంటనే తెర మీద పడేది. ఇప్పటి టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ కొంత ఆలస్యం చేస్తుంది. మొత్తం ఆలస్యం 100 మిల్లీసెకన్లు అయితే అది 6 ఫ్రేములు. ఆలోగా పరుగులో ఉన్న మారియో 15 పిక్సెళ్లు, దాదాపు ఒక బ్లాకు ముందుకెళ్లిపోతాడు. మీరు అంచు మీద నొక్కారు, వాడు గోతిలో దూకాడు.

తగ్గించుకోవడానికి ఈ వరసలో చేయండి. ముందు టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి, అన్నిటికన్నా ఎక్కువ తేడా దీనితోనే వస్తుంది. తర్వాత బ్లూటూత్ కంట్రోలర్ బదులు వైరుది వాడి చూడండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేయండి, శబ్దం వెనకబడితే చేతి లయ తప్పుతుంది. ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే వీసింక్ (బొమ్మను తెర లయకు కలిపే సెట్టింగు) ఆపి చూడండి. రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో రన్ అహెడ్ (ఆలస్యం తగ్గించే సెట్టింగు) 1 ఫ్రేము దగ్గర పెడితే మారియోకు సరిపోతుంది. ఎక్కువ పెడితే బొమ్మ గెంతులు వేస్తుంది. ఫోన్ అయితే బటన్లున్న కంట్రోలర్ తగిలించుకోవడమే మందు.

వేగం కూడా తేడాగా అనిపించొచ్చు. అప్పటి మన టీవీలు పాల్ అనే ప్రసార పద్ధతివి, 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు). 60కి రాసిన ఆటను 50కి నడిపే యంత్రంలో ఆరో వంతు నెమ్మదిగా నడుస్తుంది, పాటతో సహా. అలాంటి దాని మీద చెయ్యి అలవాటైనవాళ్లకు అసలు వేగం కంగారు పుట్టిస్తుంది.

సొంతంగా ఒకటి చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గోడో లాంటి ఉచిత ఇంజిన్ తీసుకుని, లెవల్ జోలికి వెళ్లకుండా ఒక్క గది గీయండి. గురుత్వానికి అంకెలు ఊహించకండి. ఎంత ఎత్తు, ఎంతసేపట్లో శిఖరం అన్నవి ముందు నిర్ణయించుకుంటే మిగతావి లెక్కలో వస్తాయి. గురుత్వం అంటే ఎత్తుకు రెట్టింపును కాలం వర్గంతో భాగించాలి. తొలి వేగం అంటే ఎత్తుకు రెట్టింపును కాలంతో భాగించాలి. 64 పిక్సెళ్లు, 0.4 సెకను అనుకుంటే గురుత్వం 800, వేగం 320. దిగేటప్పుడు గురుత్వాన్ని రెండు మూడు రెట్లు చేసి, పడే వేగానికి పైహద్దు పెట్టండి. హద్దు మరిచిపోతే ఎత్తు నుంచి పడ్డ బొమ్మ సన్నటి నేలను దాటుకుని పోతుంది.

తర్వాత గదిలో 1, 2, 3, 4 బ్లాకుల ఎత్తు గట్లు, 3 నుంచి 9 బ్లాకుల గోతులు వరసగా పెట్టి ఏవి దాటగలరో రాసుకోండి. గరిష్ఠంగా దాటగలిగిన గొయ్యి కంటే ఒకటిన్నర, రెండు బ్లాకులు తక్కువే మామూలు లెవళ్లలో వాడండి. చదును నేల మీద బొమ్మ ఉన్నట్టుండి తట్టుకుని ఆగిపోతుంటే పక్కపక్క బ్లాకుల పెట్టెల అతుకులు అడ్డుపడుతున్నట్టు. వాటిని కలిపి ఒకే పొడవు పెట్టె చేయండి, లేదా బొమ్మ పెట్టె కింది మూలలు గుండ్రం చేయండి. జంప్ కుదిరాక అంకెలు మార్చొద్దు. మారిస్తే గీసిన లెవళ్లన్నీ మళ్లీ కొలవాలి.

పిల్లలకు మొదట ఏది ఇవ్వాలి?

కంప్యూటర్ ఉంటే సూపర్‌టక్స్. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, మారియో పద్ధతే. నింటెండో స్విచ్ ఉన్న ఇంట్లో ఆన్‌లైన్ చందాతో అసలు మారియోనే దొరుకుతుంది, అందులో వెనక్కి తిప్పే సౌకర్యం కూడా ఉంది. మొదటి వారం దాన్ని వాడనివ్వండి. కంట్రోలర్ వాళ్ల చేతిలోంచి లాక్కుని "ఇలా దూకాలి" అని చూపించకండి, మొదటి గూంబా దగ్గర చావనివ్వండి.